మనోలేతే పాప్ ఆర్ట్ ప్రింటు: మూడు ఇంకులు, నాలుగు రంగులు

జనవరి

బుల్‌ఫైటర్ బొమ్మ అనగానే ఎవరికైనా ముందు తట్టే రంగు ఎరుపు. కానీ రింగులో ఎద్దు లోపలికి వచ్చాక చాలాసేపు ఎర్రగుడ్డ బయటికే రాదు. ముందంతా కపోతె అనే పెద్ద, బరువైన కేప్‌తోనే నడుస్తుంది. దానికి ఒక పక్క ముదురు గులాబీ, రెండో పక్క పసుపు. ములేతా అనే ఎర్రగుడ్డ ఆఖరి ఘట్టంలో, కత్తితో పాటు వస్తుంది. పైగా ఎద్దు కంటికి ఎరుపు ఎరుపులా కనబడనే కనబడదు, గుడ్డ కదిలితే చాలు కుమ్మడానికి వస్తుంది. అంటే ఇన్ని రంగులూ ఎద్దు కోసం కాదు, టికెట్ కొనుక్కుని మెట్ల మీద కూర్చున్న జనం కోసం.

స్క్రీన్ ప్రింటింగ్ తెలిసినవాళ్లకు ఇక్కడే బుర్ర పనిచేయడం మొదలవుతుంది. ఆ ముదురు గులాబీ దాదాపుగా మన మెజెంటా. పారదర్శకంగా కలిపిన మెజెంటాను పసుపు మీద వేస్తే ఎరుపు వస్తుంది. కపోతెకు రెండు పక్కలా ఉన్న రంగులు ఒకదాని మీద ఒకటి పడితే ములేతా రంగు దానంతటదే పుడుతుంది. ఎర్ర ఇంకు డబ్బా కొనకుండా బొమ్మలోకి ఎరుపు తెప్పించాలి. ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క ఆలోచన మీద నడుస్తుంది. పసుపు, మెజెంటా, నలుపు: మూడు స్క్రీన్లు, అంటే సన్నటి నేతగుడ్డ బిగించిన ఫ్రేములు, రంగుకొకటి. కాగితం 50 × 70 సెంటీమీటర్లు, 300 జీఎస్‌ఎం కాటన్.

ఇక ముఖం ఎవరిది? తేలిగ్గా దొరికేవాడు ఎల్ కోర్డోబేస్. 1960ల బుల్‌ఫైట్ హీరో, నుదుటి మీద పడే జుట్టు, ఎప్పుడూ నవ్వు. కానీ ఆయన బతుకే పాప్ ఆర్ట్, అంటే పోస్టర్లు, ప్రకటనల్లాంటి గోల రంగుల కళ. అలాంటి ముఖానికి నేను కొత్తగా చేసేదేమీ ఉండదు. నాకు కావలసింది పాప్ ఆర్ట్‌కు లొంగని ముఖం. అలా మనోలేతే దగ్గర ఆగాను.

అసలు పేరు మాన్యుయెల్ రోడ్రిగెస్ సాంచెస్. 1917లో కోర్డోబాలో పుట్టాడు. స్పెయిన్ అంతర్యుద్ధం ముగిసిన 1939లోనే సెవియ్యాలో పూర్తిస్థాయి మాతదోర్ (ఆఖర్న కత్తి దింపే బుల్‌ఫైటర్) అయ్యాడు. దేశం ఆకలితో ఉన్న ఆ రోజుల్లో అతని పేరుంటే చాలు, టికెట్లు అయిపోయేవి. 1946లో మెక్సికో నగరంలో కొత్త మహా ప్లాజాను (బుల్‌ఫైట్ మైదానాన్ని) ప్రారంభించినప్పుడు పోస్టరు మీద ఉన్న ముగ్గురిలో అతనొకడు. 1947 ఆగస్టు 28న లినారెస్‌లో మియురా వాళ్ల మందలో పెరిగిన ఇస్లెరో అనే ఎద్దు కుడి తొడలో పొడిచింది. కత్తి దింపుతున్న క్షణంలోనే కొమ్ము దిగింది. మర్నాడు తెల్లవారకముందే పోయాడు. ముప్పై ఏళ్లు. (కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు మియురా, ఇస్లెరో పేర్లు లంబోర్గినీల వల్ల తెలిసే ఉంటాయి. ఆ కార్ల పేర్లు ఇక్కడినుంచే వెళ్లాయి.)

అమెరికా పాప్ ఆర్టిస్టు ఆండీ వార్హోల్ మార్లిన్ మన్రో ముఖాన్ని స్క్రీన్ మీదికి ఎక్కించింది 1962లో, ఆమె చనిపోయిన వెంటనే. పోయిన స్టార్ ముఖం, ఆరిపోని రంగులు అనే సూత్రం అక్కడినుంచే వచ్చింది. మార్లిన్‌కు నవ్వు ఉంది, లిప్‌స్టిక్ ఉంది. మనోలేతేకు రెండూ లేవు. పొడుగు ముక్కు, లోపలికి పోయిన చెంపలు, బరువుగా వాలిన రెప్పలు. ఫోటోల్లో నవ్వినప్పుడు కూడా ఏదో బాకీ తీరుస్తున్నట్టే ఉంటాడు.

ఫిబ్రవరి

ఆదివారాల్లో మాడ్రిడ్‌లోని ఎల్ రాస్త్రో సంతకు పోతే పాత కాగితాల బల్లల మీద బుల్‌ఫైట్ సరుకు గుట్టలుగా ఉంటుంది. 1944లో మొదలైన ఎల్ రుయెదో వారపత్రిక పాత సంచికలు కొన్ని తెచ్చుకున్నాను. వాటిలో ముఖాన్ని అన్ని కోణాల్లోనూ చూడొచ్చు.

ఒక మంచి ఫోటో స్కాన్ చేసి, కాంట్రాస్టు పెంచి, ఫిల్మ్ (స్క్రీన్ మీదికి బొమ్మ ఎక్కించే పారదర్శక షీటు) తయారుచేస్తే పని సాయంత్రానికి అయిపోతుంది. చాలామంది చేసేది అదే. నేను ఆ దారిలో పోలేదు. లినారెస్‌లో ఆ రోజు కెమెరాతో ఉన్న పాకో కానో 2016 దాకా బతికాడు, నూటమూడేళ్లు. అంటే అతని ఫోటోల మీద హక్కులు ఇంకా ఉన్నాయని అనుకోవడమే క్షేమం. వార్హోల్‌కైనా ఇది తప్పలేదు. పూల బొమ్మలకు వాడుకున్న ఫోటో తీసిన పట్రీషియా కాల్‌ఫీల్డ్ 1966లో కేసు వేసింది. గాయకుడు ప్రిన్స్ బొమ్మ విషయంలో 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఫోటోగ్రాఫర్ లిన్ గోల్డ్‌స్మిత్ వైపే తీర్పు చెప్పింది. నేనేమీ వార్హోల్‌ని కాదు, నా మీద కేసు ఎవరూ వేయరు. అయినా సొంతంగా గీసుకుంటే ఇంకో లాభం ఉంది. ఫోటోలో ఉన్న నీడలన్నీ మనం మోయనక్కర్లేదు.

అందుకని చాలా ఫోటోలు చూసి, అన్నీ పక్కన పెట్టి, బ్రష్షుతో నల్ల ఇంకులో గీశాను. ముందు మొంతేరా, అంటే ఆ నల్లటోపీ. రెండు పక్కలా చిన్న బుడిపెల్లా ఉబ్బి, నుదుటిని సగం మింగేస్తుంది. దాన్ని ఒకటే నల్లముద్దగా వదిలేశాను. మెలికలు, నేత ఏమీ లేవు. పైన అంత నలుపు పడితే కింద ముఖానికి గీతలు ఎక్కువ అవసరం లేదు.

కళ్ల దగ్గర చాలాసేపు పట్టింది. మామూలుగా కంట్లో చిన్న తెల్లచుక్క వదిలితే చూపుకు ప్రాణం వస్తుంది. ఇతనికి అది పెట్టగానే సినిమా పోస్టరు హీరో అయిపోయాడు. తీసేశాను. పైరెప్ప గీతను బయటి మూల దగ్గర అర మిల్లీమీటరు కిందికి దించాను, కింది రెప్ప గీతను మధ్యలో తెంచాను. అంతే, ఆ ఫోటోల్లోని మనిషి వచ్చి కూర్చున్నాడు. పెదాలకు ఒక్కటే గీత.

మాడ్రిడ్‌లో లాస్ వెంతాస్ ప్లాజా మ్యూజియంలో, లినారెస్‌లో అతను వేసుకున్న దుస్తులు ఉన్నాయి. త్రాహే దె లూసెస్ అంటారు, వెలుగుల దుస్తులని. ఆ రోజుది రోసా పాలో, బంగారం. రోసా పాలో అంటే బాగా లేత, కొంచెం మాసినట్టుండే గులాబీ. అద్దం ఇవతల నిలబడి చూస్తే ముందు కనబడేది భుజాల మీద ఉబ్బెత్తు జరీ పని. తర్వాత నడుము ఎంత సన్నమో కనబడుతుంది. అదంతా పక్కన పెట్టి నేను నోట్సులో రాసుకున్నది ఒక్కటే: లేత గులాబీకి వేరే ఇంకు కలపకూడదు, అదే మెజెంటాను చుక్కలుగా వేసి తెప్పించాలి.

మార్చి మొదట్లో

రంగులు విడదీయడం. ఇంట్లో ఎవరైనా చూస్తే పని చేస్తున్నాడని నమ్మరు, ఎందుకంటే రోజంతా కుర్చీలో కూర్చుని కాగితాన్ని చూడటమే.

పసుపు స్క్రీన్: వెనకున్న నేపథ్యం మొత్తం పసుపే. ముఖం, దుస్తులు, భుజం మీది కపోతె మాత్రం ఖాళీ. దుస్తుల్లో జరీ ఉన్నచోట మళ్లీ పసుపు. బంగారు ఇంకు వాడొచ్చు కదా అని కొందరు అడిగారు. మెరిసే ఇంకు పెడితే చూపు ముఖం మీద ఆగదు, భుజాల మీదికి జారుతుంది. జరీని పసుపు మీద నల్లగీతలతోనే చూపిస్తే చాలు.

మెజెంటా స్క్రీన్: తెల్లకాగితం మీద పడితే కపోతె, పసుపు మీద పడితే ఎరుపు. దుస్తుల మీద చుక్కలు, సెంటీమీటరుకు ఆరు చొప్పున, ఇరవై రెండున్నర డిగ్రీల వాలులో. ఇంకా సన్నగా వేయొచ్చు, కానీ అప్పుడు అది మామూలు లేత గులాబీ అయిపోతుంది. మూడు నాలుగు అడుగుల దూరం నుంచి కూడా చుక్క చుక్కగా కనబడాలి. వెనక్కి జరిగితేనే రోసా పాలో కావాలి. చెంపల మీద కూడా చుక్కలు వేసి చూశాను, కంప్యూటర్లోనే. సముద్రం ఒడ్డున సెలవులకు పోయి ఎండకు కందిన మనిషిలా తయారయ్యాడు. ముఖం మొత్తం కాగితం తెలుపే ఉండాలని తేలిపోయింది. పసుపు మధ్యలో ఆ తెలుపు పాలిపోయినట్టు ఉంటుంది, ఇతనికి సరిపోతుంది.

ఇక ఎరుపు. దాన్ని ఎన్నిచోట్ల వాడాలి? చవగ్గా దొరికింది కదా అని అంతటా చల్లితే దాని విలువ పోతుంది. రెండు చోట్లకే పరిమితం చేశాను. ఒకటి కుడి పక్క కింద అడ్డంగా పోయే ములేతా పట్టీ. రెండోది అడుగున ఉన్న ఎద్దుల వరస.

ఆ వరస సంగతి చెప్పాలి. పాత బుల్‌ఫైట్ పోస్టర్లలో ‘6 తోరోస్ 6’ అని అంకెను రెండు పక్కలా వేసేవారు. కింద ఎక్కడో ‘అధికారుల అనుమతితో, వాతావరణం అనుకూలిస్తే’ అనే మాట తప్పకుండా ఉండేది. అక్షరాలు పెట్టకుండా ఆ ఆరు ఎద్దుల్నే అడుగున వరసగా నిలబెట్టాను, అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దవి. లినారెస్‌లో ఆ సాయంత్రం వచ్చిన ఎద్దుల్లో ఇస్లెరో అయిదోది. కాబట్టి అయిదో ఎద్దు ఎర్రగా, మిగతా అయిదూ నల్లగా. ఎందుకో తెలిసినవాళ్లకు తెలుస్తుంది, తెలియనివాళ్లు డిజైన్ అనుకుంటారు. రెండూ నాకు సమ్మతమే.

ఎద్దు ఆకారం మాత్రం జాగ్రత్తగా గీయాల్సి వచ్చింది. స్పెయిన్‌లో నల్ల ఎద్దు నీడ గీస్తే చాలు, అది హైవేల పక్కన నిలబడే ఓస్బోర్న్ ఎద్దు అయిపోతుంది. 1956లో మనోలో ప్రియెతో బ్రాందీ ప్రకటన కోసం గీసిన బొమ్మ అది, ఇప్పుడు దాదాపు జాతీయ చిహ్నం. దాని తల ఎత్తి ఉంటుంది. నా ఎద్దులకు తల కిందికి దించాను.

మార్చి ఆఖరు

కరబాంచెల్ పేటలో పాత ఫ్యాక్టరీ షెడ్లలో చాలామంది ఆర్టిస్టులు ఉంటారు. అక్కడ కొందరు కలిసి నడిపే వర్క్‌షాపులో బెంచి అద్దెకు తీసుకున్నాను. మన ఊళ్లలో శుభలేఖల షాపుల్లో జరిగే పనే ఇదంతా. ఫ్రేము, మెష్ (దానికి బిగించే నేతగుడ్డ), ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే పూత), ఫిల్మ్, స్క్వీజీ (ఇంకును లాగే రబ్బరు పట్టీ). తేడా అల్లా ఇక్కడ కాగితాన్ని గాలితో పీల్చి కదలకుండా పట్టుకునే వాక్యూమ్ టేబుల్ ఉంది.

మూడింటికీ 77 మెష్, సెంటీమీటరుకు 77 పోగులు. నా చుక్కలు పెద్దవి కాబట్టి అది బోలెడు. ఎమల్షన్ లోపలా బయటా ఒక్కో పూత, చీకటి గదిలో పడుకోబెట్టి ఆరబెట్టడం. ఎక్స్‌పోజర్ టైము కోసం ముందు చిన్న ముక్క మీద అట్ట జరుపుతూ మెట్లు మెట్లుగా వెలుతురు ఇచ్చి చూసుకున్నాను. వెలుతురు తక్కువైతే కడిగినప్పుడు ఎమల్షన్ జారిపోతుంది. ఎక్కువైతే చిన్న చుక్కలు మూసుకుపోయి నీళ్లు ఎంత కొట్టినా తెరుచుకోవు. మెజెంటా స్క్రీన్‌ను కడిగాక కిటికీ వైపు ఎత్తి పట్టుకుంటే దుస్తుల చుక్కలన్నీ జల్లెడలా వెలుతురు వదిలాయి. ఒక్కటీ మూసుకుపోలేదు.

అక్కడ పనిచేసే ఒక పెద్దాయనకు బుల్‌ఫైట్ అంటే ప్రాణం. ఫిల్మ్‌లు చూసి, “కపోతె, ములేతా రెండూ ఒకేసారి ఉండవయ్యా” అన్నాడు. నిజమే. ఒకటి వెళ్లాకే రెండోది వస్తుంది. కానీ నాది జరుగుతున్న పోరాటం కాదు, పోయిన మనిషి పటం. అతని రంగులన్నీ ఒకచోట చేర్చానని చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు, కానీ టోపీ మాత్రం సరిగ్గా వచ్చిందన్నాడు. అభిమానుల నుంచి అంతకన్నా ఆశించకూడదు.

ఏప్రిల్

పసుపు ముందు. లేత రంగు నుంచి ముదురుకు పోవడం మామూలు పద్ధతి, ఇక్కడైతే వేరే గతి కూడా లేదు. కాగితం మూలలు ఆనుకోవడానికి మూడు చోట్ల ఫిల్మ్ ముక్కలు అంటించాను. స్క్రీన్‌కూ కాగితానికీ మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం, లేకపోతే ఇంత పెద్ద రంగు ముద్దకు కాగితం మెష్‌ను పట్టుకుని వదలదు. పసుపు ఒక్కటే వేసి ఆరబెట్టిన ప్రింట్లు చూస్తే భయం వేస్తుంది. మధ్యలో మనిషి ఆకారంలో తెల్లటి ఖాళీ, చుట్టూ పసుపు. ఎవరినో కత్తిరించి తీసుకుపోయినట్టుంటుంది.

మెజెంటా రోజు కాస్త టెన్షన్. ఒక వంతు ఇంకుకు మూడు వంతుల ట్రాన్స్‌పరెంట్ బేస్, అంటే ఇంకును పారదర్శకం చేసే రంగులేని ముద్ద. బేస్ తక్కువైతే పసుపు మీద కూడా గులాబీగానే మూసేస్తుంది. ఎక్కువైతే కపోతె వెలసిపోయినట్టుంటుంది. ప్లాస్టిక్ షీటు మీద ఒక ప్రింటు తీసి, పసుపు వేసిన కాగితాన్ని దాని కిందికి జరిపి, గీతలు కలిశాక షీటు తీసేసి అసలు ప్రింటు తీశాను. ఫ్రేము పైకెత్తగానే ములేతా ఎర్రగా ఉంది. అయిదో ఎద్దు ఎర్రగా ఉంది. అదే స్క్వీజీ, అదే ఇంకు, పక్కనే తెల్లకాగితం మీద కపోతె గులాబీగా ఉంది. జరుగుతుందని లెక్క తెలిసినా కంటితో చూసినప్పుడు ఆ ఆనందం వేరు.

కపోతె అంచు పసుపు మీదికి అర మిల్లీమీటరు ఎక్కేలా ముందే గీశాను, సందులో తెల్లగీత కనబడకుండా. అలా ఎక్కినచోటల్లా సన్నటి ఎర్రదారం వచ్చింది. దాన్ని నల్లగీతతో కప్పాలని ప్లాను. చూశాక మనసొప్పలేదు. నలుపు ఫిల్మ్‌లో ఆ గీత తీసేసి, నలుపు స్క్రీన్ మళ్లీ చేసుకున్నాను.

మాడ్రిడ్ గాలి పొడిగాలి. నీళ్ల ఇంకులు మెష్‌లోనే ఆరిపోతాయి. దుస్తుల చుక్కలు ఒక్కొక్కటే సన్నబడటం మొదలైతే చెయ్యి ఆపకుండా వరసగా లాగాల్సిందే. ఇంకు త్వరగా ఆరకుండా ఆపే రిటార్డర్ కొంచెం కలిపి, ప్రతి ప్రింటు తర్వాత స్క్రీన్ మీద ఇంకు పరిచి ఉంచితే గట్టెక్కింది. అదే గాలి కాగితానికీ పని పెడుతుంది. తేమ పోయి కాగితం ఒక పక్క కొద్దిగా కుంచించుకుపోతుంది, అడుగున ఎద్దుల వరస దగ్గర తేడా ముందు బయటపడుతుంది. ప్రింట్లను రాత్రంతా వర్క్‌షాపు ర్యాక్‌లోనే వదిలేసి, మర్నాడు అదే గదిలో తర్వాతి రంగు వేయడమే దీనికి మందు. ఇంటికి తీసుకుపోయి తెస్తే ఇక కలవవు.

మే

నలుపు. దీనికి బేస్ గీస్ ఏమీ లేదు, చిక్కగా, మూసేసే నలుపు. మొంతేరా అంత ముద్ద నలుపు ఒక్క లాగులో చారలు లేకుండా రావాలంటే స్క్వీజీ అంచు పదునుగా ఉండాలి, రెండు చేతుల బరువూ సమానంగా పడాలి. నలుపు పడ్డాకే ముఖం వచ్చింది. అంతవరకు గులాబీ, పసుపు పండగలా ఉన్న కాగితం మీద రెప్పలు వాల్చుకున్న ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. చుట్టూ ఎంత గోల రంగులున్నా అతను వాటిని పట్టించుకుంటున్నట్టు లేడు. నాకు కావలసిందీ ఇదే.

స్పెయిన్ వాళ్ల పాప్ ఆర్ట్‌లో ఈ బరువు ముందునుంచే ఉంది. 1964లో వాలెన్సియాలో మొదలైన ఎకిపో క్రోనికా బృందం ఇలాంటి చదునైన రంగులతోనే నియంత ఫ్రాంకో పాలనను ఎత్తిపొడిచింది, పాతకాలపు స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెస్ పాత్రల్ని తెచ్చి తమ బొమ్మల్లో కూర్చోబెట్టింది. అమెరికా పాప్ సూపర్ మార్కెట్లో పుట్టింది, వీళ్లది మ్యూజియం గోడకూ పోలీస్ స్టేషన్‌కూ మధ్య పుట్టింది. నా ప్రింటును ఆ పక్కన పెట్టే ధైర్యం లేదు గానీ, ఏ వైపు చూసి పనిచేశానో చెప్పమంటే అటే చూపిస్తాను.

ఇప్పుడు ఊళ్లో సాన్ ఇసీద్రో ఉత్సవం. లాస్ వెంతాస్‌లో దాదాపు రోజూ పోరు. నేను వెళ్లను. ములేతా దాకా చూడగలను, తర్వాతది చూడలేను. ఇక్కడి జనమే దీని మీద రెండుగా చీలిపోయి ఉన్నారు. 2024లో సాంస్కృతిక శాఖ జాతీయ బుల్‌ఫైటింగ్ బహుమతినే ఎత్తేసింది. దాని మీద గొడవ ఇంకా నడుస్తోంది. వీడియో కాల్‌లో ప్రింటు చూపిస్తే అమ్మ మొహం చిట్లించింది.

“మూగజీవాన్ని చంపేవాడి బొమ్మ ఇంట్లో పెట్టుకుంటావేంట్రా?”

“ఇతన్ని ఆ ఎద్దే చంపిందమ్మా.”

“మరి ఎద్దో?”

“అదీ పోయింది. అదుగో, కింద ఎర్రగా ఉందే, అదే.”

కాసేపు చూసి, ఆ ఎద్దునే పెద్దగా వేయాల్సింది అంది. ఆలోచించదగ్గ మాటే.

పెన్సిలుతో నంబర్లు, సంతకం అయిపోయాయి. విడిగా ఉంచుకున్న వాటి మీద ఇక్కడి పద్ధతిలో పి.ఎ. అని రాశాను, ఆర్టిస్టు ప్రూఫ్ అని. పసుపు స్క్రీన్ కడిగి ఎమల్షన్ తీసేశాను. మెజెంటా, నలుపు స్క్రీన్లు ఉంచాను. కొందరు మాతదోర్లకు పసుపంటే అపశకునం, వాళ్ల కపోతెకు లోపలి పక్క నీలం ఉంటుంది. తర్వాతి వరస ఆ జోడీతో వేయాలని ఉంది. నీలం మీద మెజెంటా పడితే ఊదా వస్తుంది, ఎరుపు రాదు. కాబట్టి అందులో ములేతా పట్టీ తీసేసి, అయిదో ఎద్దును ఊదాలోనే వదిలేయాలి. జూన్‌లో బెంచి ఖాళీ ఉందట, అడిగి పెట్టాను.